ఎర రంగు ఎవరి కోసం?

ఇంద్రియాలకు లోబడి నశించే ప్రాణులు ఐదని మన పెద్దలు లెక్క చెప్పారు. వేటగాని పాటకు చెవి ఒగ్గి లేడి, ఆడ ఏనుగు స్పర్శకు ఆశపడి మదగజం, దీపపు రూపానికి భ్రమసి మిడుత, పూవు తావికి చిక్కి తుమ్మెద, గాలానికి గుచ్చిన ఎర రుచికి నోరూరి చేప - ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇంద్రియానికి బలి అవుతాయి. భాగవతం ఏకాదశ స్కంధంలో తన ఇరవై నలుగురు గురువులను గూర్చి యదువుకు చెప్పిన అవధూత కూడా చేపను జిహ్వకూ, మిడుతను కంటికీ ఉదాహరణగా తీసుకున్నాడు. ఈ లెక్కలో చేపకు కన్నున్నదన్న మాటే రాదు. దాని చావు నాలుక వల్ల.

చాలా కాలం తరువాత ఐరోపాలోను, అక్కడివారి వెంట మన దేశపు నదుల ఒడ్డునను మరొక తరహా గాలపు వేటకాడు బయలుదేరాడు. ఇతని గాలానికి వానపాము ఉండదు, కప్ప ఉండదు, పిండిముద్ద ఉండదు. కాడ విరిచిన చెంచా వంటి ఇత్తడిరేకు, చేప ఆకారంలో చెక్కి రంగు పూసిన కొయ్యముక్క, ఈకలూ పట్టుదారమూ చుట్టి చేసిన బూటకపు ఈగ - ఇవీ ఇతని ఎరలు. వీటికి రుచి లేదు, వాసన లేదు, తినదగిన గుణం ఏ ఒక్కటీ లేదు. అవధూత నాలుకకు ఉదాహరణగా నిలిపిన ప్రాణిని ఇతడు మిడుతల వరుసలోకి మార్చాడు. ఇతని పెట్టె తెరిచి చూస్తే ఒకే ఆకారపు ఎర ఇరవై రంగులలో కనిపిస్తుంది. మబ్బు పట్టిన నాటికి ఒకటి, ఎండ కాచే నాటికి ఒకటి. తేటనీటికి ఒకటి, బురదనీటికి ఒకటి. ఉదయానికీ సాయంకాలానికీ వేరువేరు. ఎండనాడు మెరిసే రంగు, మబ్బునాడు ముదురు రంగు అని కొందరు ఖండితంగా చెబుతారు. సరిగా దీనికి విరుద్ధమైన సూత్రాన్ని అంతే ఖండితంగా చెప్పేవారూ ఉన్నారు. ఇరువురి బుట్టలలోను చేపలు పడుతూనే ఉన్నవి.

ఈ రంగులన్నీ చేప చూస్తున్నదా, లేక వాటిని కొన్నవాడు మాత్రమే చూస్తున్నాడా?

చూడబోతే ఇది తీరిక గలవారి ముచ్చట. గాలపు సామగ్రి అమ్మే అంగళ్ళలో ఒక పాత ఛలోక్తి ఉన్నది: ఎర ముందుగా పట్టవలసినది చేపను కాదట, చేపలు పట్టేవానిని. ఈ మాట విని నవ్వినవాడే మరునిమిషంలో మరొక రంగు కొంటాడు. కాని ముచ్చట చిన్నదైనా దాని అడుగున ఉన్న ప్రశ్న చిన్నది కాదు. మరొక ప్రాణి కంటికి లోకం ఎట్లా ఉన్నదో మనిషికి తెలిసే దారి ఉన్నదా? చైనా తాత్త్వికుడు చువాంగ్ త్సు ఒక వంతెన మీద నిలబడి నీటిలోని చేపపిల్లలు ఆనందంగా ఉన్నాయన్నాడనీ, నీవు చేపవు కావు గదా, ఆ సంగతి నీకెట్లా తెలిసిందని మిత్రుడు హుయి త్సు అడిగాడనీ ఒక కథ. ఆ ఇద్దరికీ చేపతో పని లేదు, ఊరక చూస్తున్నారు. గాలపు వేటకానికి పని ఉన్నది. అతడు చేప మనసు తెలుసుకోగోరేది దానిని చంపడానికి. పని ఉన్నవాని జ్ఞానం మరింత నిక్కమైనదిగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. ఈ విషయంలో అట్లా జరగలేదు.

జరగాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. ఇంగ్లండులో స్టాఫర్డ్ మండలంలోని బ్లైత్ అనే చిన్న నది ఒడ్డున ఆల్ఫ్రెడ్ రొనాల్డ్స్ అనే ఆయన ఒక పాక కట్టుకొని, అందులో దాగి, కింద మడుగులోని ట్రౌట్ చేపలను కనిపెట్టి చూస్తూ వచ్చాడు. చూసిన సంగతులను 1836లో పుస్తకంగా ప్రకటించాడు. పాకలో తుపాకి పేల్పించాడు, చేపలు చలించలేదు. ఒక రేకు గొట్టంలో చచ్చిన ఈగలను పెట్టి ఒక్కొక్కటిగా నీటి మీదికి ఊదాడు. పది ఈగలను ఊదితే పదింటినీ ఒక ట్రౌట్ అందుకున్నది. తరువాత మరి ముప్పై ఈగలకు, పైకి కనబడని చోట్ల, కారపు పొడీ ఆవపిండీ పట్టించి ఊదాడు. వాటినీ అన్నిటినీ అందుకున్నది. జిహ్వాచాపల్యం వల్ల నశిస్తుందని లోకం చెప్పుకున్న ప్రాణి కారాన్నీ ఆవనూ లెక్కచేయకపోవడం గమనింపదగిన సంగతి. రుచి చూచే లోపలే అది నోట వేసుకుంటున్నది; అనగా అంతకుముందే కన్ను తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పులో రంగుకు ఎంత పాలున్నదో, కదలికకూ పరిమాణానికీ ఎంత పాలున్నదో ఈ పరీక్ష చెప్పదు.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఈ వివాదం పండితుల చేతికి వచ్చింది. మ్యూనిక్ నగరంలో కంటివైద్య శాస్త్రాచార్యుడైన కార్ల్ ఫాన్ హెస్, చేపలకు రంగులు తెలియవని తేల్చాడు. వెలుగును ఏడు రంగులుగా విడదీసి తొట్టి మీద పరిస్తే చేపలు ఎక్కడ గుమిగూడుతాయో చూశాడు. రంగులు బొత్తిగా తెలియని మనిషికి ఎక్కడ ఎక్కువ వెలుతురు కనిపిస్తుందో అక్కడే అవి చేరినవి. ఆ ఊరిలోనే యువకుడుగా ఉన్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు ఇది నచ్చలేదు. వెలుతురుకు పోవడం వేరు, రంగును ఎరగడం వేరు అని ఆయన వాదం. చిన్న మంచినీటి చేపలకు ఒక రంగు చూపి మేత పెట్టి అలవాటు చేశాడు. తరువాత మేత లేకుండా, ఆ రంగును లేతవీ ముదురువీ అయిన బూడిదరంగుల నడుమ ఉంచితే, అవి వచ్చి ఆ రంగునే పొడిచాయి. ఒట్టి వెలుగునీడలే తెలిస్తే ఏదో ఒక బూడిదరంగుతో అది కలిసిపోయి ఉండవలసింది. ఆచార్యుడు కోపించాడు. యువకుడు తేనెటీగల మీదికి పోయి, చాలా కాలానికి, 1973లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. చేపలకు రంగు తెలుసునన్న మాట నిలబడింది.

ఇంతటితో వ్యాజ్యం ముగిసినట్లే అని రంగుల పెట్టెవాడు సంతోషించవచ్చు. కాని చేప ఉన్నది గాలిలో కాదు, నీటిలో. నీటిలో రంగుకు ఏమవుతుంది?

ఈ ప్రశ్న మనవారికి కొత్తది కాదు. రూపమంటే కంటికి మాత్రమే గోచరించే గుణమని వైశేషికులు నిర్వచించారు. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో రంగులు ఏడని లెక్కించి, ఆ ఏడూ పృథివికే ఇచ్చాడు. నీటికి దక్కినది తెలుపు ఒక్కటే. అదీ వెలుగు చిమ్మని తెలుపు. అట్లయితే యమున నల్లగా కనిపించడమేమి? ఆ నలుపు నీటిది కాదు, దాని ఆశ్రయానిది అని విశ్వనాథ పంచాననుడు ముక్తావళిలో సమాధానం చెప్పాడు. దానికి ఒక పరీక్ష కూడా చూపాడు: ఆ నీటినే పైకి ఎగజిమ్మి చూస్తే తెల్లగా కనిపిస్తుంది. చక్కని పరీక్ష, ఒడ్డున నిలబడినవాడు చేయగలిగినది. నీటిలో ఉన్నవాడు చేయలేడు.

బాల్యం విశాఖపట్నపు సముద్రతీరాన గడిపిన చంద్రశేఖర వేంకటరామన్, 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ ఈ సమస్యనే మరొక వైపునుంచి పట్టుకున్నాడు. సముద్రపు నీలం ఆకాశపు నీలానికి ప్రతిబింబమని అప్పటి పెద్దల మతం. రామన్ ఒక స్ఫటికపు ముక్కను కంటికి అడ్డం పెట్టి నీటి ఉపరితలం మీది ప్రతిబింబాన్ని తొలగించి చూశాడు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నవని ఆయన నిరూపించాడు. నీరు ఎరుపును హరించివేయడం ఇందులో ఇంకా పెద్ద కారణమని తరువాతివారు తెలుసుకున్నారు. ఎంత తేట అయిన నీటిలోనైనా పది మీటర్ల లోతుకు చేరేసరికి ఎర్రని వెలుగులో మిగిలేది బహు కొద్ది. అంగడిలో రక్తపు బొట్టులా మెరిసిన ఎర అక్కడ నల్లగానో బూడిదగానో ఉంటుంది. అందరికన్న దూరం పోయేది నీలం. అయితే ఇది తేటనీటి మాట. ఆకులు కుళ్ళి, మట్టి కలిసి, తేనీటి రంగుకు తిరిగిన నదిలో కథ తారుమారు. అక్కడ ముందు చచ్చేది నీలం. కాస్త లోతుకు దిగేది పసుపు, ఎరుపు. కనుక ఎర రంగు ఫలానా అని చెప్పడమే పొరపాటు. ఈ నీటిలో, ఇంత లోతున, ఈ వేళ దాని రంగు ఏమి అని అడగవలసి ఉంటుంది.

చూసే దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది. నీటిలోనుంచి పైకి చూసే చేపకు మనలోకమంతా ఇంచుమించు తొంభై ఏడు డిగ్రీల కోణం గల ఒక గుండ్రని కిటికీలో ఇమిడి ఉంటుంది. ఆ కిటికీ నిండా ఆకాశపు వెలుగు. నీటి మీద తేలే ఎర ఆ వెలుగుకు అడ్డం వచ్చిన నల్లని నీడ. దాని వీపు మీద చిత్రకారుడు వేసిన చుక్కలూ చారలూ చేపకు ఎన్నటికీ కనపడవు. అవి కనిపించేది పడవలో కూర్చున్నవానికి.

ఇక కన్ను సంగతి. చేప అనే మాట ఒకటే కాని చేపలు వేల జాతులు. వాటి కళ్ళు కూడా ఒక తీరువి కావు. కొన్నింటికి మనకంటె ఒక రంగు ఎక్కువే తెలుసు - మన కంటికి అందని అతినీలలోహితం వాటికి అందుతుంది. లోతు సముద్రాలలో ఉండే పెక్కింటికి రంగు అనేదే తెలియదు. అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం గాలమేసేవారు లక్షలమంది. రంగురంగుల ఎరల వ్యాపారంలో పెద్ద పాలు దాని పేరిటనే సాగుతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఆ చేప కంటిని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. దాని కంటిలో రంగును గ్రహించే కణాలు రెండు రకాలే. ఒకటి ఎరుపు వైపుకు, ఒకటి ఆకుపచ్చ వైపుకు. ఎరుపును అది బాగా గుర్తుపడుతుంది. కాని ఆకుపచ్చ కలిసిన మిరుమిట్ల పసుపును తెలుపుగాను, ముదురు నీలాన్ని నలుపుగాను పొరబడింది. ఆ పసుపు ఎర, ఆ తెల్ల ఎర అంగడిలో రెండు. బాస్ చేపకు ఒకటి.

అయినా, రంగు చేపకు పట్టదని దీని అర్థం కాదు. పట్టినప్పుడు ఎంతగా పడుతుందో చెప్పడానికి లైడెన్ నగరపు కథ ఒకటి చాలు. అక్కడ నికో టింబర్గెన్ 1930ల కాలంలో స్టికిల్‌బాక్ అనే చిన్న చేపలను తొట్లలో పెంచాడు. గూడు కట్టే కాలంలో ఈ జాతి మగచేప కడుపు ఎర్రబడుతుంది. మరొక ఎర్ర కడుపు కనిపిస్తే మీద పడుతుంది. చేప పోలిక ఏమాత్రం లేని మైనపు ముద్దకు అడుగున ఎరుపు పూసి దించినా మీద పడిందని ఆయన రాశాడు. ఆ తరువాత పరీక్షించినవారందరికీ అదే ఫలితం అంత స్పష్టంగా రాలేదు, అది వేరు మాట. ఒకనాడు కిటికీ దగ్గరి తొట్లలో చేపలన్నీ ఒక్కసారిగా ఒక పక్కకు పరుగెత్తాయట. బయట వీధిలో ఎర్ర రంగు తపాలా బండి పోతున్నది. ఉత్తరాలు మోసే బండిని చూసి ఇంటి మీదికి వచ్చిన శత్రువని అవి అనుకున్నాయి.

చేపకు రంగు అందం కాదు. అది ఒక వార్త: పగవాడు వచ్చాడు, ఆడది సిద్ధంగా ఉన్నది, ఇది తినదగినది, అది విషం. వార్త ఉన్నచోట రంగు ప్రాణానికి సమానం. వార్త లేనిచోట అది ఉన్నా లేనట్లే. మనిషి తన పెట్టెలో ఇరవై రంగులు పెట్టుకున్నప్పుడు ఆ ఇరవై వార్తలు ఏమిటో చేపను అడగలేదు. తన కంటికి తేడాగా ఉన్నవన్నీ దాని కంటికీ తేడాలే అనుకున్నాడు.

జీవనం కోసం చేపలు పట్టేవారిలో ఈ పొరపాటు తక్కువ. కావేరి మడుగులలో మహాశీర్ చేపకు రాగిపిండి ఉడికించిన ముద్ద గుచ్చి వేస్తారు. మట్టిరంగు ముద్ద, ఎవరూ దానికి వన్నెలు దిద్దలేదు. దక్షిణాదిని మహాశీర్ వేటను గూర్చి 1873లో పెద్ద గ్రంథం రాసిన మద్రాసు సివిల్ ఉద్యోగి హెన్రీ సల్లివాన్ థామస్ కాలం నుంచి దొరలు లోహపు చెంచాలను తిప్పుతూ వచ్చినా, ఆ ముద్ద తన స్థానం వదలలేదు. తెలుగు చెరువులలో కొర్రమీనుకు బతికిన కప్పపిల్లను గుచ్చుతారు. దాని రంగు ఏదన్న విచారణ లేదు. కాళ్ళాడిస్తున్నదా లేదా అన్నదే ప్రశ్న. లక్షద్వీపాలలో మినికాయ్ దీవివారు చూరచేపను పొడుగు గడలతో పడతారు. బతికిన చిన్నచేపలను చల్లి, నీటిని చిమ్మి, ఆ కల్లోలంలో ఎర లేని మెరుపు గాలాన్ని దించుతారు. చిన్నచేప పొలుసు తళుకు చాలునన్నది వారి అనుభవం. మధ్యాహ్నానికి చేప పడకపోతే ఇంట పొయ్యి రాజదనుకునేవాడు ఇరవై రంగులు మోయడు.

వినోదానికి పట్టేవానికి మాత్రం ఇరవై రంగులూ అనుభవం మీద ఏర్పడినట్లే కనిపిస్తాయి. ఒకనాడు ఆకుపచ్చ ఎరకు పెద్ద చేప పడుతుంది. మరునాడు అతడు గట్టు మీదికి పోగానే ముందు ఆకుపచ్చనే కడతాడు. ఎక్కువ సేపు నీటిలో ఉండేది అదే గనుక ఎక్కువ చేపలు పడేదీ దానికే. సంవత్సరం తిరిగేసరికి, పది చేపలలో ఏడు ఆకుపచ్చకే అని ఘంటాపథంగా చెప్పగలుగుతాడు. లెక్క అబద్ధం కాదు. అయితే అది తన చేతి లెక్క. చేప కంటి లెక్క కాదు. నిజం తేలాలంటే ఏ ఎర కట్టాలో నాణెం ఎగరేసి నిర్ణయించాలి. ఏ ఎర నీటిలో ఉన్నదో గాలం పట్టినవానికి తెలియకుండా ఉండాలి. ఆ షరతుకు ఒప్పుకునేవాడు దొరకడం కష్టం. కళ్ళకు గంతలు కట్టుకొని చేసే వినోదం వినోదం కాదు.

తెలిసి ఉండడం చేత మరొక చిత్రం కూడా జరుగుతుంది. నమ్మిన రంగును కట్టినవాడు ఓపికగా విసురుతాడు, దారం మీదినుంచి చూపు తిప్పడు, చిన్న కదలికను సైతం పసిగడతాడు. నమ్మకం లేని రంగును కట్టినవాడు రెండుసార్లు విసిరి విప్పేస్తాడు. అందుచేత, రంగు చేపకు ఏమీ చెప్పకపోయినా, మనిషి చేతిని మార్చి చేపను పట్టియ్యగలదు. ఇప్పుడు ఆ రంగు పని చేసిందనాలా, చేయలేదనాలా?

విల్యం జేమ్స్ వింటే పని చేసిందనే అనేవాడు కాబోలు. నమ్మకమే ఒక్కొక్కప్పుడు తన ఫలితాన్ని తాను కల్పించుకుంటుందని 1896లో ఆయన చేసిన ఉపన్యాసం సుప్రసిద్ధం. అంతకు ముందు 1877లో క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు దీనికి విరుద్ధమైన పక్షం నిలిపాడు. పాతబడిన ఓడ సురక్షితంగానే పోతుందని తన మనసును తాను ఒప్పించుకొని, వలస ప్రయాణికులను ఎక్కించి పంపిన యజమాని కథ అది. ఓడ మునిగింది, యజమాని దోషి. ఓడ మునగక క్షేమంగా చేరినా అతడు అంతే దోషి అంటాడు క్లిఫర్డ్. నమ్మే హక్కు లేని నమ్మకాన్ని పెంచుకున్నాడు. నేరం అక్కడే పూర్తి అయింది. ఈ కొలబద్ద పట్టుకొని గాలపు వేటకాని దగ్గరికి పోతే మాత్రం నవ్వు వస్తుంది. రంగు విషయమై ఇతడు పొరబడితే మునిగే ఓడ ఏది? రెండు రూపాయలు పోతాయి, ఒక మధ్యాహ్నం పోతుంది. ఇంత చిన్న భ్రమను కూడా మనిషికి మిగల్చకపోతే తత్త్వశాస్త్రం వట్టి పోలీసు ఉద్యోగమవుతుంది.

కాని ఈ ఓడలో మరికొందరు ఎక్కి ఉన్నారు.

మొదట చేప ఉన్నది. దాని కంటికి ఎరుపు ఎట్లా ఉంటుందో ఇంత శ్రద్ధగా విచారించినవాడు దాని పెదవికి ముల్లు ఎట్లా ఉంటుందో విచారించింది చాలా తక్కువ. ట్రౌట్ ముఖం మీద బాధను అందుకునే నాడులున్నవని స్కాట్‌లండులో చేసిన పరిశోధనల వల్ల 2003లో ప్రకటితమైంది. ఆ నాడుల వెనుక మనం నొప్పి అని పిలిచే అనుభవం ఉన్నదా అన్నదానిపై నేటికీ వాదం నడుస్తున్నది. వాదం ఎటు తేలినా, ఒక ప్రాణి అనుభవంలో తనకు అక్కరైన భాగం మీద మాత్రమే మనిషికి కుతూహలం పుట్టడం గమనింపదగినది.

తరువాతివి పక్షులు. సాల్మన్ చేప సముద్రంలో మేసి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కుతుంది. నదిలో అడుగు పెట్టిన తరువాత అది మేత ముట్టదు. అయినా ఈకల ఈగను నోట పట్టుకుంటుంది. ఎందుకో ఇంతవరకు ఎవరూ రూఢిగా చెప్పలేదు. ఆకలి లేని ఆ చేప కోసమే విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు కనీ వినీ ఎరుగని వన్నెల ఈగలను తయారు చేసింది. జార్జి కెల్సన్ 1895లో ప్రకటించిన గ్రంథంలో అట్టివాటిని వందలకొద్దీ వర్ణించాడు. జాక్ స్కాట్ అనే ఒక్క ఈగకే టూకాన్ రొమ్ము ఈక, మకా చిలుక ఈక, నిప్పుకోడి ఈక, నెమలి ఈక, మన దక్షిణ దేశపు బూడిదరంగు అడవికోడి మెడ ఈక కావాలి. ఆ అడవికోడి మెడ మీద లక్క అద్దినట్లు పసుపు చుక్కలు మెరుస్తాయి. ఈగకు అది కన్నట. ఇంకా ఒక ఎర్రని ఈకను ‘ఇండియన్ క్రో’, అనగా భారతదేశపు కాకి ఈక అని వాడేవారు. ఆ పక్షి కాకీ కాదు, దానికి భారతదేశంతో ఏ సంబంధమూ లేదు; దక్షిణ అమెరికా అడవులలోనిది. రంగు మీదనే చూపు నిలిచినప్పుడు ఊరూ పేరూ ఎట్లా ఉన్నా ఒకటే కదా.

ఈ పక్షులను చంపినది ఈగల కోసమే అనడం న్యాయం కాదు. దొరసానుల టోపీల కోసం పోయిన ఈకల ముందు ఈగల పాలు స్వల్పం. ఆ టోపీల వ్యాపారం ఎంత దూరం పోయిందంటే 1902లో భారత ప్రభుత్వం పక్షుల చర్మాల, ఈకల ఎగుమతిని నిషేధించవలసి వచ్చింది. 1921లో బ్రిటిష్ పార్లమెంటు దిగుమతిని నిషేధిస్తూ చట్టం చేసింది. స్వతంత్ర భారతంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవికోడికి కూడా రక్షణ ఇచ్చింది. నేడు పాశ్చాత్య దేశాలలో ఈగల పనికి దొరికే అడవికోడి ఈకలు చాలావరకు అక్కడ పెంచిన పక్షులవే.

సాల్మన్ మాట ఏమైనదంటే, దానికి ఏ లోటూ తోచలేదు. ఇరవయ్యో శతాబ్దిలో వెంట్రుకలతోనూ, రంగు వేసిన నాటుకోడి ఈకలతోనూ సాదాగా కట్టిన ఈగలు వచ్చాయి. చేప వాటినీ మునుపటివలెనే నోట పట్టింది. టూకాను, మకా, అడవికోడి - ఇవి తనకు అక్కర ఉన్నట్లు అది ఎన్నడూ చెప్పి ఉండలేదు. కెల్సన్ వంటివారు దాని తరఫున చెప్పారు. నమ్మకం చిన్నదని నవ్వి వదిలేయడానికి వీలు లేకపోయింది ఇక్కడ. క్లిఫర్డ్ యజమాని ప్రయాణికులకు కనీసం టిక్కెట్లయినా అమ్మాడు. ఈ పక్షులను ఎవరూ అడగలేదు. రంగును నమ్మినవాడు ఒకడు, దాని వల్ల లాభమో నష్టమో పొందినది చేప, వెల చెల్లించినది ఈ ఇద్దరితోనూ సంబంధం లేని మూడవ ప్రాణి. తన నమ్మకానికి తానే వెల చెల్లించేవాని విషయంలో జేమ్స్ చెప్పిన ఉదారత ఎంతైనా తగును. వెల మరొకరి మీద పడేచోట క్లిఫర్డ్ కాఠిన్యమే ధర్మంగా తోస్తుంది.

ఇది గతించిన కథ అని ఊరట చెందడానికీ లేదు. ఇంగ్లండులోని ట్రింగ్ పట్టణంలో ప్రకృతిశాస్త్ర మ్యూజియం వారి పక్షుల భాండారం ఉన్నది. 2009 జూన్‌లో ఒక రాత్రి, పాత పద్ధతి ఈగలు కట్టడంలో చేయి తిరిగిన ఒక సంగీత విద్యార్థి కిటికీ పగులగొట్టి లోపల ప్రవేశించి, 299 పక్షిచర్మాలను పెట్టెలో సర్దుకొని పోయాడు. అందులో దక్షిణ అమెరికా ఎర్రరొమ్ము పక్షులున్నవి, స్వర్గపక్షులున్నవి. కొన్ని, ప్రకృతివరణ సిద్ధాంతాన్ని డార్విన్‌తో పాటు కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ మలయా దీవులలో స్వయంగా సేకరించినవి. దొంగ మరు సంవత్సరం దొరికాడు; 2011లో శిక్ష పడినా, అమలు నిలిపివేశారు. చర్మాలలో కొన్ని తిరిగి వచ్చాయి. అనేకం అప్పటికే ఈకలు ఈకలుగా అమ్ముడుపోయాయి.

ప్రతి చర్మం కాలికీ ఒక చీటీ కట్టి ఉండేది. ఏ దీవిలో, ఏ తేదీన, ఎవరి చేతికి చిక్కినదో అందులో రాసి ఉంటుంది. శాస్త్రజ్ఞునికి ఆ చీటీ లేని పక్షి ఇంచుమించు లేనట్లే. తిరిగి వచ్చిన వాటిలో పెక్కింటికి చీటీలు కత్తిరించి ఉన్నవి. కొన్నవానికి కావలసినది వన్నె గనుక చీటీ అడ్డమే అయింది.

ఆ ఈకలతో కట్టిన ఈగలు ఎక్కువభాగం ఏ నదిలోనూ పడలేదు. ఈ కళలో ఆరితేరినవారిలో గాలం వేయడం రానివారు కూడా పలువురు ఉన్నారట. వారు కట్టిన ఈగలను నల్లని మఖమలు మీద గుచ్చి, గాజు పలక బిగించి, ఎండకు వన్నె తరగకుండా గోడకు వేలాడదీసుకుంటారు.